పార్సిల్ వేరేవాళ్ళకి ఇచ్చేశారా? రేపు వెళ్ళి ఇలా చెయ్యి

చి. అప్పలరాజుకు పెదనాన్న ఆశీస్సులు.

రాత్రి ఫోన్ చేసినప్పుడు నువ్వు టెన్షన్‌లో ఉన్నావు, నేను చెప్పింది సగం కూడా నీ చెవికెక్కలేదు. అందుకే రాసి పంపుతున్నాను, తీరిగ్గా చదువుకో.

అమ్మ శ్రీకాకుళం పార్సిల్ ఆఫీసులో వేసిన పెట్టె విశాఖపట్నం చేరింది. నువ్వు వెళ్ళేసరికి ఎవరికో ఇచ్చేశారు. అడిగితే "డెలివరీ అయిపోయింది సార్, సంతకం కూడా ఉంది" అన్నారు, నువ్వు ఊరుకుని వచ్చేశావు. రేపు మళ్ళీ వెళ్ళి ఆ సంతకం ఎవరిదో అడుగు. నీకు అందలేదంటే డెలివరీ కానట్టే లెక్క. పెట్టెను వెతికి తెప్పించాల్సింది ఆఫీసువాళ్ళే. వాళ్ళ చేత ఆ పని చేయించడమే నీ వంతు.

నా సర్వీసంతా పార్సిల్ కౌంటర్లోనే గడిచింది. ఒకరి సరుకు ఇంకొకరు పట్టుకెళ్ళడం చాలాసార్లు చూశాను. వాటిలో దొంగతనాలు తక్కువ, పేర్ల గొడవే ఎక్కువ. మన వైపు అది మరీ ఎక్కువ. సింహాచలం అప్పన్న పేరు కలిసేలా ఇంటికో అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలనర్సమ్మ ఉంటారు. అనకాపల్లి నూకాలమ్మ పేరున నూకరాజులు, విజయనగరం పైడితల్లి పేరున పైడిరాజులు. పెట్టె మీద "బి. అప్పలరాజు, వైజాగ్" అని మాత్రం రాసి ఉంటే, ఆ 'బి' బొడ్డేపల్లో, బగాదో, బోరో కౌంటర్లో కూర్చున్న కుర్రాడికి ఎలా తెలుస్తుంది? సాయంత్రం బండ్లన్నీ ఒకేసారి దిగుతాయి, జనం మీద పడతారు. "అప్పలరాజు పేరు మీద వచ్చిందా?" అని ఒకాయన అడుగుతాడు. కళాసీ అరలో చేతికందిన పెట్టె తీసి ఇస్తాడు. ఆయన తనదే అనుకుని బండికి కట్టుకుని పోతాడు.

అందుకని రేపు ముందుగా డెలివరీ రిజిస్టర్ తీయించు. నీ రసీదు నంబర్ ఉన్న వరసలో ఎవరు సంతకం చేశారు, ఏ టైముకి, ఏ ఫోన్ నంబర్ రాశారు, అన్నీ చూడు. పైవరస, కిందివరస కూడా చూడు. తర్వాత ఒక మాట అడుగు: "ఇదే పేరుతో ఇంకా తీసుకెళ్ళని పెట్టె ఏదైనా ఉందా?" ఈ మాట చాలామందికి తట్టదు. కానీ నేను చూసిన గొడవల్లో ఎక్కువ భాగం అక్కడే తేలిపోయేవి. నీ పెట్టె పట్టుకెళ్ళిన మనిషి తన పెట్టె కోసమే వచ్చి ఉంటాడు కదా. అంటే అతనిది అక్కడే అరలో ఉండిపోవాలి. దాని మీద అతని నంబర్ ఉంటుంది, పంపినవాళ్ళ నంబరూ ఉంటుంది. రిజిస్టర్లో అతను గీసింది ఎవరికీ అర్థం కాకపోయినా, మనిషి దొరుకుతాడు.

బండ్లు దిగే టైములో మాత్రం వెళ్ళకు. ఆ రద్దీలో నిన్ను వదిలించుకోవడానికే చూస్తారు. ఆ రోజు డ్యూటీలో ఉన్న కుర్రాడు ఉండే షిఫ్ట్ కనుక్కుని వెళ్ళు, అతనికే ఆ మనిషి గుర్తుంటాడు. అరవకు. తప్పు బయటపడితే సరుకు విలువ జీతంలోంచి కోస్తారేమోనన్న భయం అతనిది. భయపడ్డవాడు రిజిస్టర్ మూసేస్తాడు. "తమ్ముడూ, పొరపాటు ఎలా జరిగిందో చూద్దాం" అంటే అతనే పేజీలు తిప్పుతాడు.

మనిషి దొరికాక ఫోన్ ఆఫీసు నుంచే చేయించు. "మా పెట్టె ఎత్తుకుపోయావు" అనే మాట నీ నోట రాకూడదు. అతనికి తెలియకపోయి ఉండొచ్చు, తెలిసినా సిగ్గుపడి ఊరుకుని ఉండొచ్చు. అతని ఇల్లు పెందుర్తిలో ఉన్నా పక్క వీధిలో ఉన్నా ఒక్కడివే వెళ్ళకు. పెట్టె కౌంటర్‌కి రావాలి, అక్కడే, వాళ్ళ ముందే విప్పాలి. పొందూరు పంచెలు, అమ్మ చీర, ఆవకాయ డబ్బా, ఏవి ఉన్నాయో, ఏది తగ్గిందో, ఏది పాడైందో రాసి, ఆ కాగితం మీద ఆఫీసువాళ్ళ సంతకం తీసుకున్నాకే రిజిస్టర్లో నీ సంతకం పెట్టు. "ముందు సంతకం పెట్టెయ్యండి సార్, రేపు మేమే ఇంటికి పంపిస్తాం" అంటే ఒప్పుకోకు. అసలు రసీదు అమ్మ దగ్గరే ఉండనీ, వాళ్ళకి జిరాక్స్ మాత్రమే ఇవ్వు.

రేపే తేలకపోతే వెంటనే కాగితం మీద ఫిర్యాదు ఇవ్వు. ఎన్నిసార్లు నోటితో చెప్పినా కౌంటర్లో మనిషి మారగానే అది గాలికి పోతుంది. రసీదు నంబర్, బుక్ చేసిన తేదీ, లోపల ఏమున్నాయి, విలువ ఎంత, నువ్వు ఏ రోజు వచ్చి అడిగావు, వాళ్ళు ఏం చెప్పారు, ఇవి చాలు. రెండు కాపీలు రాసి, ఒకదాని మీద స్టాంపు, తేదీ వేయించుకో. అందులో ఒక వాక్యం తప్పకుండా ఉండాలి: డెలివరీ జరిగిన రోజు సీసీ కెమెరా ఫుటేజ్ చెరిపేయకుండా ఉంచమని. పాతదాని మీద కొత్తది రికార్డయిపోతుంది, ఆలస్యం చేస్తే ఆ సాక్ష్యం పోతుంది. స్టాంపు వేయడానికి వాళ్ళు ఒప్పుకోకపోతే, అదే లెటర్ ఆ ఆఫీసు అడ్రస్‌కి స్పీడ్ పోస్టులో పంపు. అమ్మ చేత శ్రీకాకుళంలో కూడా ఒక ఫిర్యాదు ఇప్పించు. డబ్బు కట్టి బుక్ చేసింది ఆవిడ, ఆవిడ మాటకు బలం ఎక్కువ.

రోడ్డు రవాణా సంస్థలకు 2007 నాటి చట్టం ఒకటి ఉంది. సరుకు పోయిందని కేసు వేయాలంటే, బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి ఉండాలి. "చూస్తున్నాం, చూస్తున్నాం" అని నెలలు గడిపేస్తే నష్టం నీకే. బుకింగ్‌లో విలువ రాయించకపోతే ఆ సంస్థ బాధ్యత కట్టిన చార్జీకి పది రెట్ల దగ్గర ఆగిపోతుంది. ఆ చార్జీకి పది రెట్లంటే పంచెల జత కూడా రాదు. అమ్మ విలువ రాయించిందో లేదో రసీదులో చూడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. జిల్లా వినియోగదారుల కమిషన్ మన విశాఖపట్నంలోనే ఉంది. అక్కడ కేసుకు రెండేళ్ళ గడువు, 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు. రైల్వే పార్సిల్ అయితే దారి వేరు, నోటీసుకు ఆరు నెలలే.

అవతలి మనిషి "నేనెందుకివ్వాలి" అంటే అతనికీ ఒక చట్టం ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 72వ సెక్షన్ ప్రకారం, పొరపాటున చేతికొచ్చిన వస్తువు తిరిగి ఇచ్చి తీరాలి. తెలిసీ తన సొంతానికి వాడుకుంటే భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్ కింద నేరం. అప్పుడు పోలీస్ స్టేషన్‌కి వెళ్ళు. అంతకుముందు పోలీసుల పేరెత్తకు. ఆ మాట రాగానే ఇవ్వాలనుకున్నవాడు కూడా అసలు తీసుకోలేదంటాడు.

ఈ గొడవలో కస్టమర్ కేర్ నంబర్ కోసం ఇంటర్నెట్‌లో వెతక్కు. రసీదు మీద ఉన్న నంబర్‌కే చెయ్యి. "మీ పార్సిల్ దొరికింది, లింకు నొక్కి ఐదు రూపాయలు కట్టండి" అని ఎవరైనా అంటే వెంటనే ఫోన్ పెట్టెయ్యి. ఓటీపీ ఎవరికీ చెప్పకు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యి.

ఇకముందు అమ్మ పంపే ప్రతి పెట్టె మీద ఇంటిపేరు పూర్తిగా, నాన్న పేరు, మీరుండే పేట, నీ ఫోన్ నంబర్ మార్కర్‌తో రెండు వైపులా రాయమను. లోపల కూడా ఒక చీటీ వేయమను. పై కాగితం చిరిగిపోయినా లోపలి చీటీ చూసి మంచివాడు ఫోన్ చేస్తాడు. అలా తిరిగొచ్చిన సరుకులు నేను చూశాను.

రసీదు రెండు వైపులా ఫోటో తీసి అమ్మని ఇప్పుడే పంపమను. వెనకవైపు చిన్న అక్షరాల్లో షరతులుంటాయి, నేను చదివి చెప్తాను. రేపు మధ్యాహ్నం నాకు పనేమీ లేదు. కంచరపాలెం నుంచి ఆటోలో వచ్చేస్తాను, ఇద్దరం కలిసే కౌంటర్ దగ్గరికి వెళ్దాం.

మీ పెదనాన్న