బంగారు పూత ఉన్న పాత ఫ్రేమ్‌కి తడి తగలనివ్వకండి

తాతగారి కాలం నాటి పటం ఫ్రేమ్ నల్లబడిందనీ, ఒక మూల అతుకు విచ్చుకుందనీ రాశారు. తడిగుడ్డతో తుడిచి గోల్డ్ పెయింట్ వేయొచ్చా అని అడిగారు. దయచేసి ఆ రెండూ చేయకండి.

నా దగ్గరున్న పాత ఫ్రేమ్‌ని నేనూ తడిగుడ్డతో రుద్దాను. గుడ్డకి ఏదో అంటుకుంటే మురికి వదులుతోంది కదా అని ఇంకాస్త రుద్దాను. చూస్తే వేలెడంత మేర ఎర్రమట్టి బయటపడింది. పోయింది మురికి కాదు, బంగారం. ఆ మచ్చ చూసినప్పుడల్లా ఇప్పటికీ బాధేస్తుంది.

అసలు ఆ పూత ఎలా వేస్తారో తెలిసుంటే ఆ పని చేసేవాణ్ణి కాదు. జంతుచర్మాల నుంచి కాచిన జిగురులో సుద్దపొడి కలిపి చెక్క మీద పొరలుగా పూస్తారు. ఆరాక నునుపు చేసి, మెత్తని బంకమట్టి, ఎక్కువగా ఎర్రది, పూస్తారు. దాన్ని నీళ్లతో తడిపి బంగారు రేకు పరుస్తారు, తర్వాత అగేట్ రాయితో రుద్ది మెరుపు తెస్తారు. రేకు మందం మిల్లీమీటరులో సుమారు పదివేలో వంతు. దాన్ని పట్టి ఉంచేదేమో నీళ్లు తగిలితే మెత్తబడే జిగురు. మధ్యయుగాల ఇటలీలో చర్చి బలిపీఠాల బొమ్మలకు పలకనీ ఫ్రేమ్‌నీ కలిపి, బొమ్మ వేయకముందే ఈ పూత వేసేవారు.

మీది రేకో, పెయింటో ముందు చూసుకోండి. టార్చిలైటు పక్కనుంచి ఏటవాలుగా వేయండి. దాదాపు 8 సెంటీమీటర్లకొకటి చొప్పున సన్నని అడ్డగీతలు కనిపిస్తే, అవి రేకు మీద రేకు కలిసిన చోట్లు. అరిగిన అంచుల్లో ఎరుపు తొంగిచూసినా రేకే అయ్యుండొచ్చు. మామూలు గోల్డ్ పెయింట్‌లో ఉండేది ఇత్తడి పొడి, కొన్నేళ్లకు గోధుమరంగుకి తిరుగుతుంది. తర్వాత దాన్ని తీయబోతే కింది బంగారం కూడా వచ్చేస్తుంది.

దుమ్ము మాత్రం పొడి మెత్తటి బ్రష్‌తో దులపండి. పెచ్చులు లేస్తున్న చోట అదీ వద్దు.

మూలకి మేకు కొట్టకండి, ఆ దెబ్బకి సుద్దపొర పెచ్చులుగా రాలిపోతుంది. ఊడిన ముక్కల్ని, ఎంత చిన్నవైనా, ఒక కవర్లో దాచండి. 18వ శతాబ్దం చివరి నుంచి చాలా ఫ్రేముల పువ్వులు, లతలు చెక్కినవి కావు. సుద్ద, జిగురు, రెసిన్, లిన్సీడ్ నూనె కలిపిన ముద్దని అచ్చులో నొక్కి అతికించినవి. పాతబడేకొద్దీ వాటికి అడ్డంగా పగుళ్లు వస్తాయి. అలాంటివైతే చెడిపోని పువ్వు నుంచి అచ్చు తీసి కొత్తది చేయించొచ్చు.

వెనకవైపు ఫోటో, ఊడిన ముక్క దగ్గరి ఫోటో పెట్టండి. అది చెక్కిందో, అచ్చులోదో చూసి చెప్తాను.