పది సినిమాలు వద్దు, మూడు చాలు

చిరంజీవికి,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి రాత్రి భోజనం అయ్యాక, రెండోసారి పొద్దున్నే కాఫీతో. "బాబాయి గారూ, మొహమాటం లేకుండా చెప్పండి" అని రాశావు కాబట్టి అలాగే చెప్తాను.

"ఎస్వీ రంగారావు గారి సినిమాల్లో నాకిష్టమైన పది" అని పేరు పెట్టావు. పదీ మంచి సినిమాలే. కానీ చదవడం అయ్యాక నాకు ఎస్వీఆర్ కనబడలేదు. "విశ్వనట చక్రవర్తి" నాలుగుసార్లు కనబడింది, "నటించలేదు, జీవించారు" అన్నది మూడుసార్లు. ఆ బిరుదులు జనం ప్రేమతో ఇచ్చుకున్నవి, వాటిని తక్కువ చెయ్యను. అయితే సినిమా చూడనివాళ్లు కూడా ఆ మాటలు రాసేయగలరు తల్లీ. నువ్వు చూశావు. నువ్వు చూసింది నాకు కావాలి.

మొదటి పేరా అంతా ఆయన జీవిత చరిత్ర పెట్టావు. 1918 జులై 3న నూజివీడులో పుట్టడం, ఫైర్ ఆఫీసరుగా పనిచెయ్యడం, 1947లో "వరూధిని"తో సినిమాల్లోకి రావడం. అన్నీ సరైనవే, కానీ ఊరికే వరసగా నిలబడి ఉన్నాయి. పుట్టిన సంవత్సరాన్ని తీసుకెళ్లి 1951లో వచ్చిన "పాతాళభైరవి" పక్కన పెట్టి చూడు. ఆ గడ్డం, ఆ కళ్లు, "డింభకా" అన్న ఆ పిలుపు, ఆ నేపాళ మాంత్రికుడు ముప్ఫై రెండేళ్ల కుర్రాడు! ఎన్టీఆర్ కంటే ఐదేళ్లు పెద్ద, అంతే. "మిస్సమ్మ"లో పెళ్లీడుకొచ్చిన కూతురు ఉన్న జమీందారు అయ్యేనాటికి ఆయనకు ముప్ఫై ఆరు. 1974 జులై 18న పోయేనాటికి యాభై ఆరు నిండి రెండు వారాలే అయింది. మనమంతా తాతగా తలచుకునే మనిషి అసలు ముసలితనమే చూడలేదు. ఇది నాకు తట్టిన రోజున చాలాసేపు ఏ పనీ చెయ్యబుద్ధి కాలేదు. తేదీని అలా వాడు.

మా అమ్మ సంగతి ఒకటి చెప్పాలి. చివరి రోజుల్లో ఆవిడకు చూపు బాగా మందగించింది. టీవీలో పాత సినిమా వస్తుంటే మంచం మీద పడుకుని వినేది. ఒక మధ్యాహ్నం "మిస్సమ్మ" వస్తోంది. జమీందారు మాట్లాడుతున్నాడు. అమ్మ గోడవైపు ఉన్నదల్లా ఇటు తిరిగి, "ఈయన గొంతులో పెద్దరికం ఉందిరా, పెత్తనం లేదు" అంది.

ఆ జమీందారు పాత్ర గురించి అంతకంటే మంచి మాట నేను ఇంతవరకూ ఎక్కడా చదవలేదు. ఎందుకంటావా? అప్పాపురంలో బడి ఆయనది, ఇల్లు ఆయనది, ఉద్యోగం ఇచ్చేదీ ఆయనే. మొగుడూ పెళ్లాలమని అబద్ధం చెప్పి వచ్చిన ఆ ఇద్దరు పంతుళ్లూ ఆయన దయ మీద బతకాలి. పెత్తనం చెయ్యడానికి కావలసినవన్నీ ఆ పాత్రకు ఉన్నాయి. ఎస్వీఆర్ మాత్రం అది గొంతులోకి రానివ్వలేదు. పైగా ఆ ఇద్దరిలో మేరీ, అంటే సావిత్రి, చిన్నప్పుడు తప్పిపోయిన తన పెద్దకూతురే. అది ఆయనకు తెలియదు. రెండోసారి చూసేటప్పుడు మనకు తెలుసు. తెలిసి చూస్తే ఆయన ఆ పిల్లను పలకరించే ప్రతిసారీ గుండె పట్టేస్తుంది.

అందుకని నీకు చెప్పేది ఏమిటంటే, రాయబోయే సినిమాను ఒకసారి బొమ్మ చూడకుండా విను. ఇంకోసారి సౌండ్ తీసేసి చూడు. మాకు ఆ వీలు లేదు, మీకు ఫోన్‌లోనే ఉంది. నచ్చిన చోట ఆపి, ఆయన చెయ్యి ఎక్కడుందో, చూపు ఎటుందో కాగితం మీద రాసుకో. రాసుకోలేకపోతే ఆ సినిమా నీ జాబితాలోంచి తీసెయ్. ఈ లెక్కన పదిలో నాలుగైదు వాటంతట అవే పోతాయి.

ఇప్పుడు అసలు మాట. నీ పదిలో మూడు సినిమాలు ఒకదాని పక్కన ఒకటి ఉండాల్సినవి వేరు వేరు చోట్ల పడిపోయాయి. "మిస్సమ్మ" 1955, "మాయాబజార్" 1957, "నర్తనశాల" 1963. మూడింట్లోనూ ఎస్వీఆర్, సావిత్రి ఉన్నారు. ఒకదాంట్లో తండ్రీ కూతుళ్లు. ఒకదాంట్లో ఆయనే ఆవిడ. ఇంకోదాంట్లో కీచకుడూ, అజ్ఞాతవాసంలో సైరంధ్రిగా ఉన్న ద్రౌపదీ. ఎనిమిదేళ్లలో ఒకే ఇద్దరు మనుషులు ఎంత దూరం వెళ్లారో చూశావా? నీ వ్యాసం ఇదీ.

"మాయాబజార్" అనగానే అందరూ వివాహ భోజనం దగ్గర ఆగిపోతారు. ఆ లడ్డూలు, మార్కస్ బార్ట్‌లీ కెమెరా పనితనం, మాధవపెద్ది సత్యం గొంతు. దానికి ఒక్క వాక్యం చాలు. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుణ్ణి చూడు. ఎవరూ చూడనప్పుడు సావిత్రి భుజాలు విరుచుకుని మగవాడి నడక నడుస్తుంది, ఎవరైనా వస్తే మళ్లీ సిగ్గుపడే పెళ్లికూతురు అయిపోతుంది. "అహ నా పెళ్లియంట" పాటలో మధ్యమధ్య ఘంటసాల గొంతు కూడా దూరుతుంది. ఆవిడ ఆ నడక ఎక్కడ పట్టుకుంది? భారతంలో ఘటోత్కచుడు ఎలా నడిచేవాడో చూసినవాళ్లు లేరు కదా. మన కళ్ల ముందున్న ఘటోత్కచుడు ఒక్కడే, ఎస్వీఆర్. ఆయన తెర మీద లేని ఆ నిమిషాల్లో కూడా మనం ఆయన్నే చూస్తున్నాం. ఒక నటుడి నడక ఇంకో మహానటి ఒంట్లో అంత తేటగా కనిపించిందంటే, అది ఎంత గట్టిగా కట్టుకున్న పాత్రో ఆలోచించు. సావిత్రి గొప్పతనం గురించి రాస్తే ఎస్వీఆర్ తగ్గిపోతాడని భయపడకు.

"నర్తనశాల" నేను చిన్నప్పుడు టూరింగ్ టాకీసులో నేల మీద కూర్చుని చూశాను. కీచకుడు సైరంధ్రిని చూసే చోట, మా పక్కనున్న ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆయన ఇంకా ఏమీ చెయ్యలేదు, చూశాడు, అంతే. అప్పుడు నాకు అర్థం కాలేదు. పెద్దయ్యాక మా అమ్మ మాట విన్న తర్వాత మళ్లీ చూస్తే తెలిసింది. ఇక్కడా ఆయనది పైచెయ్యే, ఆవిడ ఇక్కడా ఇంకొకరి ఇంట కొలువు చేసుకునే మనిషే. అదే గొంతు. ఆ గొంతులో ఇప్పుడు పెత్తనం తప్ప ఇంకేమీ లేదు. చివర భీముడిగా వచ్చిన దండమూడి రాజగోపాలరావు నిజంగానే వెయిట్‌లిఫ్టరు. చీకట్లో ఆ పట్టు ఆడమనిషిది కాదని తెలిసే క్షణంలో కీచకుడి ముఖం చూడు. దాని గురించి నేను రాయను, నువ్వు రాయాలి.

ఈ సినిమా దగ్గరే నీ ప్రతిలో ఒక తొందరపాటు ఉంది. "అంతర్జాతీయ అవార్డు అందుకున్న మొట్టమొదటి భారతీయ నటుడు" అన్నావు. 1964లో జకార్తా ఆఫ్రో ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది, అది నిజం. "మొట్టమొదటి" అన్నది నువ్వు సరిచూసుకున్నావా? చూసుకోకపోతే కొట్టెయ్. ఉన్నది ఉన్నట్టు రాస్తేనే ఎంతో గర్వంగా ఉంటుంది.

"బాంధవ్యాలు" ఎందుకు వదిలేశావు? ఆయనే డైరెక్ట్ చేశారు, 1968కి బంగారు నంది వచ్చింది. ఈ వ్యాసంలో చోటుండదు, దానికి విడిగా రాద్దువుగాని. ఎస్వీఆర్ తానే కెమెరా వెనక ఉన్నప్పుడు తన ముఖాన్ని ఎంతసేపు చూపించుకున్నారో మాత్రం గడియారం పెట్టుకుని చూడు.

మూడు సినిమాలూ ఒకేసారి రాయాలని టెన్షన్ పెట్టుకోకు. ముందు "మిస్సమ్మ" పేరా ఒక్కటే రాసి పంపు. పరీక్షలు అయ్యాకే సుమా. మీ నాన్నని అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
బాబాయి