సందేహాలు – సమాధానాలు: పెండ్లి పత్రికలో ‘సిపాయి’ అని వేయవచ్చా?

సందేహం: మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. మా తాత నిజాం కాలంలో తాలూకా కచేరీలో చప్రాసి. నాన్న సాగర్ ఎడమ కాలువ మీద తూములు, నీళ్ళు చూసుకునే లష్కర్‌గా చేసి రిటైరయ్యారు. తమ్ముడు ఆర్మీలో సిపాయి. వచ్చే నెల వాడి పెండ్లి. పత్రికలో పేరు కింద ‘సిపాయి’ అని వేయిద్దామంటే, “అది చిన్న మాట, ప్యూన్ లెక్క ఉంటది, జవాన్ అనో సైనికుడు అనో వేయించండి” అంటున్నారు చుట్టాలు. ఒక పెద్దాయన ‘దేశమాత బంటు’ అని వేయమన్నారు. ఏది సరైనది? లష్కర్ అన్నా సైన్యమే అని తమ్ముడు అంటున్నాడు, నిజమేనా?

సమాధానం: అమ్మా, పత్రిక ప్రెస్సుకు పోవాలి కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం. ‘సిపాయి, భారత సైన్యం’ అని ధైర్యంగా వేయించండి. అది మీ తమ్ముడి హోదా పేరు. మన సైన్యంలో రెగ్యులర్ సైనికుల మొదటి మెట్టుకు పెట్టిన పేరే సిపాయి. విభాగాన్ని బట్టి అదే మెట్టుకు వేరే పేర్లూ ఉన్నాయి. ఫిరంగులు పేల్చే ఆర్టిలరీలో గన్నర్, ఇంజనీర్లలో సాపర్, ట్యాంకుల రెజిమెంట్లలో సవార్, ఇంకొన్ని పటాలాల్లో రైఫిల్‌మన్, గ్రెనేడియర్. సవార్ అంటే గుర్రపు రౌతు. గుర్రం పోయి ట్యాంకు వచ్చినా ఆ పేరు దిగలేదు. మీ తమ్ముడి కాగితాల మీద ఏది ఉందో అదే పత్రిక మీదా ఉండాలి.

ఇక మాట చిన్నదా పెద్దదా అంటారా? ఫార్సీలో ‘సిపాహ్’ అంటే సైన్యం, ‘సిపాహీ’ అంటే సైన్యానికి చెందినవాడు. సంస్కృతంలో సేన నుంచి సైనికుడు ఎట్లా వచ్చిందో ఇదీ అట్లాగే వచ్చింది. అర్థం ఒకటే అయినప్పుడు ఒకదాన్ని పీట మీద, ఇంకొకదాన్ని నేల మీద కూర్చోబెట్టడం న్యాయం కాదు.

‘జవాన్’ సంగతి వేరు. అది హోదా కాదు, వయసు. జవాన్ అంటే పడుచువాడు. సంస్కృతంలోని యువన్, ఫార్సీలోని జవాన్ ఒకే తల్లి బిడ్డలు. అధికారులు కాని సైనికులందరికీ కలిపి వాడే మాట అది. 1965లో లాల్ బహదూర్ శాస్త్రి గారు ‘జై జవాన్, జై కిసాన్’ అన్నాక ఇంటింటి మాటైంది. మీ నాన్నగారు పనిచేసిన ఎడమ కాలువకు పెట్టిన పేరు కూడా ఆయనదే, లాల్ బహదూర్ కాలువ. మీ తమ్ముణ్ణి జవాన్ అంటే తప్పేమీ లేదు. కానీ అందరికీ ఆ మాట అతకదు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో మన సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్‌బాబు అమరుడైనప్పుడు ‘వీర జవాన్’ అని రాసినవాళ్ళున్నారు. ఆయన ఒక బెటాలియన్‌కు కమాండింగ్ ఆఫీసర్. ఆ రాత్రి ఆయనతో కలిపి 20 మంది ప్రాణాలిచ్చారు. ఇరవై మందినీ కలిపి చెప్పాలంటే ‘సైనికులు’ అనాలి. ఆయన ఒక్కరి గురించి రాసేటప్పుడు ‘సైనికాధికారి’ అనాలి. ఇది ఎక్కువ తక్కువల గొడవ కాదు, ఎవరు ఏ బాధ్యత మోస్తూ పోయారో ఆ మాట చెప్పాలి.

‘ప్యూన్ లెక్క ఉంటది’ అన్నారే మీ చుట్టాలు, దాని దగ్గర కాస్త ఆగాలి. ప్యూన్ పోర్చుగీసు నుంచి వచ్చిన మాట. దాని అసలు అర్థం కాలిబంటు! చదరంగంలో ముందు వరసలో నిలబడే పావును ఇంగ్లీషులో ‘పాన్’ అంటారు. అదీ ఆ వేరు నుంచి పుట్టిందే. ఆ వేరు లాటిన్‌లో పాదం అనే మాట. మనం ఆ పావును బంటు అంటాం, ఆఫీసు గుమ్మం ముందు కూర్చునే మనిషిని బంట్రోతు అంటాం. ఎక్కడో పడమటి దేశాల్లో జరిగిందే ఇక్కడా జరిగింది. వాళ్ళను చూసి మనం గానీ, మనల్ని చూసి వాళ్ళు గానీ రాసుకున్నది కాదు. రెండు చోట్లా మనిషి ఒక్కడే. యుద్ధం లేని రోజుల్లో దొర వెంట నడిచినవాడు, తాఖీదు మోసుకుపోయినవాడు, శిస్తు వసూలుకు ఊరి మీదికి వచ్చినవాడు ఆ కాలిబంటే. మన పాత లెక్కల్లోనూ వాడి పేరంతా కాళ్ళలోనే ఉంది: పదాతి, కాల్బలం, పత్తి. ఒక రథం, ఒక ఏనుగు, మూడు గుర్రాలు, అయిదుగురు కాలిబంట్లు కలిస్తే ‘పత్తి’ అనే చిన్న తుకుడీ. అది పెరిగి పెరిగి అక్షౌహిణి అయ్యేసరికి కాలిబంట్లే 1,09,350 మంది. అంతమందిలో ఒక్కడి పేరైనా మనకు మిగలలేదు.

మీ తాతగారి ‘చప్రాసి’ కూడా ఈ వరసలోదే. చప్రాస్ అంటే బిళ్ళ, అది తగిలించుకున్నవాడు చప్రాసి. కోస్తాలో వాడే ‘బిళ్ళ బంట్రోతు’కు సరిగ్గా ఇదే అర్థం. త్యాగరాజస్వామి ‘బంటురీతి కొలువు’ ఇమ్మని రాముణ్ణి అడిగిన కీర్తన చూడండి. ఒక బంటు ఒంటిమీది సామాను అందులో వరసగా దొరుకుతుంది: కంచుకం, ముద్రబిళ్ళ, ఖడ్గం. ఒళ్ళు పులకరించడమే కంచుకం, రామభక్తుడన్న పేరే ముద్రబిళ్ళ, రామనామమే ఖడ్గం అన్నారాయన. కాలం గడిచి కంచుకం ఖాకీ చొక్కా అయింది, ఖడ్గం పోయింది, బిళ్ళ మిగిలింది.

ఆ బిళ్ళను నేను చూశాను. నా చిన్నతనంలో దేవరకొండ కచేరీలో ఒక చప్రాసి ఉండేవాడు. భుజం మీంచి నడుము దాకా అడ్డంగా ఎర్ర పట్టీ, దాని మీద అరచేతంత ఇత్తడి బిళ్ళ. పొద్దున్నే మెట్ల మీద కూర్చుని చింతపండు పెట్టి తోముతుంటే పిల్లలం చుట్టూ చేరేవాళ్ళం. తోమి తోమి దాని మీది అక్షరాలు సగం అరిగిపోయాయి. అంచు మాత్రం పదును తేలింది. అది రాసుకుని చొక్కా ఎప్పుడూ అదే చోట చిరిగేది, అదే చోట అతుకు పడేది.

ఇంకో సంగతి. బంటుకు మూలం సంస్కృతంలోని భట శబ్దమని బడిలో ప్రకృతి వికృతుల్లో చదువుకున్నాం. ఆ ‘భట’ వచ్చింది ‘భృత’ నుంచి, అంటే పోషణ ఇచ్చి పెట్టుకున్నవాడు. నిరుద్యోగ భృతిలోని భృతి ఆ ఇంటిదే. మన పల్లె మాటలో చెప్పాలంటే భటుడు జీతగాడు. శౌర్యం వల్ల వచ్చిన పేరు కాదది, కూలి వల్ల వచ్చింది. ఇంగ్లీషు ‘సోల్జర్’ కూడా ఒక రోమన్ నాణెం పేరు నుంచి వచ్చిందే. ‘జీతం బత్తెం లేకుండా తోడేలు మేకలు కాస్తానన్నదట’ అని సామెత. జీతం నెలకో ఏడాదికో వచ్చేది, బత్తెం ఏ రోజు తిండికి ఆ రోజు ఇచ్చేది. మామూలు బంటుకు రాజు విజయం కన్నా ఆ బత్తెం ముఖ్యం, ఎందుకంటే దాని మీదే ఇంట్లో పొయ్యి వెలిగేది.

ఇక లష్కర్. మీ తమ్ముడు చెప్పింది నిజం. ఫార్సీలో లష్కర్ అంటే సైన్యం, దండు. బ్రిటిష్ దండు దిగిన సికింద్రాబాద్‌ను మన పెద్దలు లష్కర్ అనేవారు, ‘లష్కర్ బోనాలు’ ఆ పేరే. అక్కడి మహంకాళి అమ్మవారిని నిలిపింది కూడా దండులో డోలీ మోసే సురిటి అప్పయ్య అని ఆలయ చరిత్ర చెబుతుంది. 1813లో ఉజ్జయినిలో ఉండగా, కలరా తగ్గితే మన దగ్గర గుడి కడతానని మొక్కుకున్నాడట. సైన్యం అంటే కత్తి పట్టినవాళ్ళే కాదు, డోలీలు మోసినవాళ్ళు, డేరాలు వేసినవాళ్ళు, ఫిరంగులు లాగినవాళ్ళు కూడా. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో లష్కర్లు అన్నది ఈ డేరాలవాళ్ళను, ఫిరంగులవాళ్ళనే. అప్పట్లో కాలువలు, ఆనకట్టలు కట్టించినవాళ్ళు మిలిటరీ ఇంజనీర్లు, కాటన్ దొర కూడా మద్రాసు సైన్యం మనిషే. డేరా లష్కర్ కాలువ గట్టెక్కింది ఆ దారిలోనేనని నా అభిప్రాయం. అర్ధరాత్రి గండి పడిందంటే టార్చి పట్టుకుని ఉరికి, తూము షట్టరు తిప్పి నీళ్ళు ఆపే మనిషికి ఆ పేరు తగనిదేమీ కాదు.

‘దేశమాత బంటు’ మాత్రం వద్దు. బంటు మంచి మాటే, హనుమంతుడు రాముని బంటు. కానీ బంటు ఎవరో ఒకరి మనిషి. ‘నమ్మినబంటు’ అనడంలో ఉన్నది ఆ విధేయతే. కాకతీయుల కాలం గురించి రాసేటప్పుడు బంటు అనండి, అక్కడ సిపాయి, జవాన్ పొసగవు. నకిరేకల్ దగ్గర చందుపట్లలో 1289 నాటి శాసనం ఉంది. రుద్రమదేవి, సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని చెప్పి, వాళ్ళ పుణ్యం కోసం భూమి దానం చేసింది ఆ సేనాని కొలువులోని పువ్వుల ముమ్మడి. రాణి మరణం మనకు తెలిసింది రాజుల రాతల వల్ల కాదు, ఒక కొలువు మనిషి రాయి వల్ల. మన ఊళ్ళ పొలిమేరల్లో వీరగల్లులూ ఉంటాయి, పోరాడి చనిపోయినవాళ్ళ గుర్తుగా నిలిపిన రాళ్ళు. నేను దేవరకొండ వైపు చూసిన ఒక రాయి మీద కొప్పు ముడి, నడుముకు బిగించిన దట్టీ, ఎడమచేత చిన్న కేడెం, కుడిచేత కత్తి. పేరు లేదు. పసుపు రాసి దండం పెట్టుకుంటున్నారు. అతన్ని బంటు అంటే సరిగ్గా సరిపోతుంది.

మీ తమ్ముడు ఒక దొరకో నాయకుడికో మనిషి కాడు, రాజ్యాంగానికి కట్టుబడ్డ సైన్యంలో సిపాయి. అంతే వేయించండి. ఇంకో మాట, మీరు అడగలేదు గానీ చెబుతున్నాను. పత్రికలో నాన్నగారి పేరు కింద ఖాళీగా వదిలేయకండి. ‘విశ్రాంత లష్కర్, లాల్ బహదూర్ కాలువ’ అని వేయించండి. ‘లస్కర్’ అనీ కొందరు రాస్తారు, మీరు మూలానికి దగ్గరగా ‘ష’తోనే రాయించండి. ప్రూఫు వచ్చినప్పుడు ఆ అక్షరం ఒక్కసారి సరిచూసుకోండి.