టెక్ సందేహాలు: ఇరవై రెండు మంది నడక, మూడు ఫోన్ల కాపలా

పెరటాశి నెల (సెప్టెంబరు నడుమ నుంచి అక్టోబరు నడుమ దాకా) దగ్గరపడితే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల తీరే మారిపోతుంది. ఏ ఫోను కొనాలి అనే ప్రశ్నలు తగ్గి, తిరుమల కొండకు నడిచిపోతున్నాం, ఏం పట్టుకుపోవాలి అనేవి పెరుగుతాయి. ఈసారి రాసినవాళ్లంతా ఇంటిల్లిపాదీ బయల్దేరుతున్నవాళ్లే.

ప్రశ్న: మా జేజి మొక్కు. చిత్తూరు నుంచి తిరుపతికి మూడు రోజులు నడిచి, నాలుగో రోజు అలిపిరి మెట్లెక్కాలి. పెదనాయన, చిన్నాయన, మేనత్తల కుటుంబాలు కలిపితే ఇరవై రెండు మందిమి. ఆరేళ్ల పాప ఉంది, డెబ్బై నాలుగేళ్ల జేజి ఉంది. అందరం వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పెట్టుకుంటే చాలా? ఇంకా మంచి యాప్ ఏదైనా ఉందా? (గ్రీమ్స్‌పేట, చిత్తూరు)

యాప్ సంగతి తర్వాత. ఇరవై రెండు మందీ లైవ్ లొకేషన్ పెడితే మధ్యాహ్నానికి సగం ఫోన్లు చచ్చిపోతాయి. మిగతా సగంలో మ్యాపు మీద ఒకదాని మీద ఒకటి పడిన బొమ్మలు కనిపిస్తాయి. ఎవరు ఎక్కడున్నారో అప్పుడూ తెలియదు. మీకు తెలియాల్సింది రెండే: ముందువాళ్లు ఎక్కడి దాకా పోయారు, చివరి మనిషి ఎక్కడున్నాడు. ఆ రెండు చుక్కల మధ్య మిగతా అందరూ ఉంటారు.

అందుకని ముగ్గురికి పని అప్పజెప్పండి. ముందు నడిచేవాళ్లలో ఒకరు, అందరికన్నా వెనక ఒకరు, సామాను బండి ఉంటే అందులో ఒకరు. వెనక మనిషిని ఏరుకోవడంలో జాగ్రత్త. కుర్రాళ్లను పెడితే గంటలో జేజిని దాటేసి ముందుకు పోతారు. ఓపికున్న చిన్నాయనో, మేనత్తో నయం. 'నా వెనక మనవాళ్లు ఎవరూ లేరు' అని ఏ క్షణంలోనైనా చెప్పగలగడమే ఆ మనిషి పని. లైవ్ లొకేషన్ ఈ మూడు ఫోన్లలోనే పెట్టండి. వాట్సాప్‌లో పదిహేను నిమిషాలు, ఒక గంట, ఎనిమిది గంటలు అని మూడు గడువులుంటాయి. పొద్దున బయల్దేరేటప్పుడు ఎనిమిది గంటలు నొక్కితే మధ్యాహ్నం మకాం దాకా వస్తుంది. సాయంత్రం నడకకు మళ్లీ పెట్టాలి, అది మరిచిపోతారు. ఇంకో చిక్కు: చాలా ఫోన్లు బ్యాటరీ మిగల్చడానికి తెర ఆరిన కాసేపటికి యాప్‌ను నిద్రపుచ్చేస్తాయి. సెట్టింగ్స్‌లో వాట్సాప్‌కు బ్యాటరీ ఆంక్ష తీసేసి, లొకేషన్ అనుమతి 'అన్ని వేళలా' అని పెట్టకపోతే మీ చుక్క పూతలపట్టులోనే ఆగిపోయి ఉంటుంది, మీరు చంద్రగిరి దాటినా సరే.

ఈ ముగ్గురి సిమ్‌లూ ఒకే కంపెనీవి కాకుండా చూడండి. ఒక నెట్‌వర్క్ లేనిచోట ఇంకొకటి దొరుకుతుంది. మిగతా పంతొమ్మిది మందీ మొబైల్ డేటా ఆపేసి, కాల్స్ మాత్రం వచ్చేలా ఉంచుకుంటే చాలు. సిగ్నల్ బలహీనంగా ఉన్న చోట ఫోను టవర్ కోసం వెతుక్కుంటూ ఎక్కువ బ్యాటరీ తాగుతుంది. ఫైవ్ జీ వచ్చీపోయే చోట ఫోర్ జీకి మార్చి ఉంచడం మేలు. జేజి దగ్గర బటన్ ఫోను ఉందా? దాన్ని ఇంట్లో వదిలిపెట్టకండి. మూడు రోజులూ ఛార్జింగ్ అడగకుండా మోగగలిగేది మీ బృందంలో అదొక్కటే కావచ్చు.

మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకుంటాం అంటారేమో. చేసుకోండి. జీపీఎస్‌కు ఇంటర్నెట్ అక్కర్లేదు, మీరున్న చోటు నీలిచుక్కగా కనిపిస్తుంది. అయితే గూగుల్ మ్యాప్స్ నెట్ లేనప్పుడు బండి దారి మాత్రమే చెబుతుంది, నడక దారి చెప్పదు. హైవే నడకలో దారి తప్పేదేమీ లేదు గానీ, రాత్రి మకాం వేసే కల్యాణమండపం ఏ సందులో ఉందో ముందే గుర్తుపెట్టి 'సేవ్' చేసుకోండి.

మీరు అడగని ఒక్క మాట. ఎండకు జడిసి తెల్లారుజామున మూడింటికే బయల్దేరతారు గదా, ఆ చీకట్లో అన్ని యాప్‌ల కన్నా విలువైనది మెరిసే పట్టీలున్న జాకెట్టు, వెనక మనిషి సంచికి కట్టిన సైకిలు ఎర్రదీపం. ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేలా రోడ్డుకు కుడివైపున, ఒకరి వెనక ఒకరుగా నడవండి. ఆ వేళ చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు.

ప్రశ్న: ఇరవై వేల పవర్ బ్యాంకుతో ఐదు వేల బ్యాటరీ ఫోన్లు నాలుగు నిండుతాయి గదా? మేం పద్నాలుగు మందిమి, నాలుగు కొంటే లెక్క సరిపోతుందని మా బావ. నాకు అనుమానం. (పీలేరు)

మీ అనుమానమే నిజం. పవర్ బ్యాంకు మీద పెద్ద అక్షరాల్లో ఉండే అంకె లోపలి సెల్‌ది, 3.7 వోల్టుల దగ్గర లెక్కగట్టింది. కేబుల్ గుండా బయటికి రావాలంటే దాన్ని 5 వోల్టులకు పెంచాలి. అక్కడ కొంత వేడిగా పోతుంది, ఫోను లోపలికి ఎక్కేటప్పుడు ఇంకొంత పోతుంది. వాట్-అవర్లలో, అంటే బ్యాటరీలో ఉన్న మొత్తం శక్తి కొలతలో చూడండి. ఇరవై వేలది 74 వాట్-అవర్లు, ఐదు వేల ఫోను బ్యాటరీ దాదాపు 19. కాగితం మీద దాదాపు నాలుగే. నష్టాలు పోతే చేతికి మూడు దక్కితే సంతోషించాలి. డబ్బా వెనక సన్నక్షరాల్లో 'రేటెడ్ కెపాసిటీ' అని ఇంకో అంకె ఉంటుంది, పెద్ద అంకెలో మూడింట రెండు వంతులకు అటూ ఇటూ. మీ బావకు చూపించాల్సింది దాన్ని. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ గుర్తు లేనిది మాత్రం ఎంత చవకైనా వద్దు. పవర్ బ్యాంకులకు మన దేశంలో అది తప్పనిసరి.

నన్నడిగితే ఇరవై వేలవి నాలుగు మోసే బదులు పదివేలవి తొమ్మిదో పదో తీసుకుని, వేర్వేరు సంచుల్లో పెట్టుకోండి. ఇరవై వేలది ఒక్కటి పోయినా, తడిసినా ముగ్గురి ఛార్జింగ్ పోయినట్టే. పైగా మోసేవాడు ముందుకు పోతే వెనకవాళ్లకు అందదు. అసలు ఇబ్బంది రాత్రి మకాంలో వస్తుంది. హాలు మొత్తానికీ ఫ్యాను పక్కన ఒక్క ప్లగ్గే దొరుకుతుంది. నాలుగు సాకెట్ల ఎక్స్‌టెన్షన్ బాక్సు, రెండు మూడు పోర్టులున్న ఛార్జర్లు తప్పకుండా పెట్టుకోండి. ముందు పవర్ బ్యాంకులకు పెట్టాలి, పెద్దవి నిండడానికి రాత్రంతా పడుతుంది. మధ్యాహ్నం ఎండలో సంచిలో పెట్టి ఫోను ఛార్జ్ చెయ్యకండి. వేడెక్కితే ఫోనే ఛార్జింగ్ ఆపేస్తుంది, బ్యాటరీ ఆయుష్షూ తగ్గుతుంది.

ప్రశ్న: అలిపిరి మెట్లు 3550 అంటారు. పోయినసారి నా వాచీ పన్నెండు వేల అడుగులు దాటించింది, మా చెల్లెలిది 'రెండొందల అంతస్తులు' అంది. ఏది నమ్మాలి? అలాగే, బీపీ మాత్రలు వేసుకునే మా నాయనకు గుండె వేగం హెచ్చరించే వాచీ కొనివ్వచ్చా? (పుత్తూరు)

మొదటిదానికి రెండూ నిజమే. వాచీ లెక్కపెట్టేది మెట్లను కాదు, మీ చెయ్యి ఊపును. దారి దాదాపు తొమ్మిది కిలోమీటర్లు. గాలి గోపురం దాకా ఊపిరాడనివ్వని ఎక్కుడు, తర్వాత చాలాదూరం చదును, మళ్లీ చివర మోకాళ్ల పర్వతం. చదునులో వేసినవీ అడుగులే గదా. చెల్లెలి వాచీలో గాలి ఒత్తిడి కొలిచే సెన్సర్ ఉండి ఉంటుంది. పైకి పోయేకొద్దీ ఒత్తిడి తగ్గుతుంది, మూడు మీటర్లు ఎక్కినప్పుడల్లా ఒక అంతస్తుగా రాసుకుంటుంది. తిరుపతికీ తిరుమలకూ ఎత్తులో తేడా సుమారు ఏడొందల మీటర్లు. భాగించి చూడండి, చెల్లెలు గెలిచింది. ఇక దారి పొడవునా పైకప్పు, పక్కన కొండ, చెట్లు ఉండటంతో అక్కడ జీపీఎస్ చూపే దూరాన్ని మాత్రం ఇద్దరూ నమ్మకండి.

రెండోదానికి నా జవాబు మీకు నచ్చదు. మణికట్టు వాచీ చర్మం మీద ఆకుపచ్చ వెలుగు వేసి, తిరిగొచ్చే కాంతిలో తేడాను బట్టి నాడిని అంచనా కడుతుంది. పట్టీ వదులైతే, చెమట పడితే, చెయ్యి ఊగితే తప్పుతుంది. మెట్లెక్కేటప్పుడు మూడూ ఉంటాయి. అంతకన్నా పెద్ద సంగతి, బీపీ మాత్రల్లో బీటా బ్లాకర్లు అనే రకం గుండె వేగాన్ని పెరగనివ్వదు. లోపల ఎంత కష్టపడుతున్నా వాచీ నూటపది దగ్గర ప్రశాంతంగా ఉంటుంది, హెచ్చరిక మోగదు. మోగలేదు గదా అని నాయన ఎక్కుతూనే ఉంటాడు. బయల్దేరే ముందు ఆయన మాత్ర ఏ రకమో డాక్టర్ని అడగండి. దారిలో మాట్లాడిస్తూ నడవండి. ఒక వాక్యం ఆయాసం లేకుండా పూర్తి చెయ్యలేకపోతే కూర్చోబెట్టాలి. ఆ వాచీ డబ్బు పెట్టి మంచి చెప్పులు కొనివ్వండి. ఫోన్లో మాత్రం వాడే మందులు, బ్లడ్ గ్రూపు, మీ నంబరు 'ఎమర్జెన్సీ' వివరాల్లో నింపండి. తెర తాళం తియ్యకుండానే పక్కవాళ్లు చూడగలరు. సొంత నెట్‌వర్క్ లేకున్నా, వేరే కంపెనీ టవర్ ఏదైనా అందితే 112 పోతుంది.

ప్రశ్న: పిల్లల చొక్కాకు ట్రాకర్ ట్యాగు తగిలిస్తే వాళ్లు తప్పిపోయినా దొరుకుతారా? (శ్రీకాళహస్తి)

బాగా జనం ఉన్నచోట కొంత, లేనిచోట దాదాపు శూన్యం. ఈ బిళ్లల్లో జీపీఎస్ ఉండదు. బ్లూటూత్‌తో పిలుస్తూ ఉంటాయి, దగ్గర్లో పోయే ఎవరి ఫోనో విని, ఇంటర్నెట్ ద్వారా చోటు పంపుతుంది. ఎయిర్‌ట్యాగ్‌కు ఐఫోన్లు దగ్గర్లో ఉండాలి, ఆండ్రాయిడ్ బిళ్లలు మామూలు సెట్టింగ్‌లో జనసమ్మర్దం ఉన్నచోటే బాగా పనిచేస్తాయి. నిర్మానుష్యమైన హైవే మీద పిల్లవాడి చుక్క గంట కిందటిది కావచ్చు. ఇవి తాళాలకూ సంచులకూ చేసినవి. సిమ్ వేసే పిల్లల వాచీ దీనికన్నా నయం, రోజూ ఛార్జ్ చెయ్యాలంతే. ఎలాగైనా చేతికి ఫోన్ నంబర్లు రాసిన పట్టీ కట్టండి, రెండు నంబర్లు, వేర్వేరు మనుషులవి.

2023 ఆగస్టులో అలిపిరి దారిలోనే ఒక చిన్నారిని చిరుత పొట్టనబెట్టుకుంది. ఆ తర్వాత టీటీడీ పిల్లలతో నడిచే వేళల మీద ఆంక్షలు పెట్టింది, గుంపులుగా పొమ్మంది, చేతికర్రలిచ్చింది. ఇలాంటి నిబంధనలు మారుతుంటాయి, మీరు వెళ్లే వారం ఏముందో టీటీడీ అధికారిక వెబ్‌సైట్‌లో చూసుకోండి. చిరునామా చివర 'ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్' ఉండాలి. దర్శనం, గదులు ఇప్పిస్తామనే నకిలీ సైట్లు వెతికితే ముందువరసలోనే తగులుతాయి. ఎంత గట్టి ట్యాగు కట్టినా ఆ మెట్ల మీద పిల్లల చెయ్యి వదలకండి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో 'ఐదు కిలోమీటర్ల వాకీటాకీ' చవగ్గా కనపడింది. కొనుక్కోవచ్చా? (మదనపల్లె)

లైసెన్సు లేకుండా వాడుకోవడానికి ప్రభుత్వం 2018లో 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య కొద్ది జాగా వదిలింది, అదీ అర వాటు లోపు పరికరాలకు. చవక సెట్లు చాలావరకు దీనికి బయట కూడా మాట్లాడతాయి, అది చట్టవిరుద్ధం. ఈ-కామర్స్ సైట్లలో వీటి అమ్మకాల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2025లో మార్గదర్శకాలు కూడా తెచ్చింది. పెట్టె మీద ఫ్రీక్వెన్సీ, పరికర ఆమోద వివరాలు లేకపోతే వదిలెయ్యండి. ఇక 'ఐదు కిలోమీటర్లు' అనేది మధ్యలో చెట్టూ గుట్టా లేని మాట. అర వాటుతో మలుపు తిరిగిన హైవేలో ఒక కిలోమీటరు వస్తే గొప్ప.

ప్రశ్న: ఖర్చంతా మా అన్న ఫోన్ నుంచే పోవాలి, కానీ ఆయన ముందు నడుస్తాడు. దారిలో టీలు, టిఫిన్లకు మేమెలా కట్టాలి? (పలమనేరు)

యూపీఐ సర్కిల్ చూడండి. అన్న తన ఖాతా మీద ఐదుగురి దాకా అధికారం ఇవ్వచ్చు. పూర్తి అధికారం ఇచ్చినా ఒక చెల్లింపుకు ఐదు వేలు, నెలకు పదిహేను వేలు మించదు. నగదు కూడా పెట్టుకోండి, టీ బంకు దగ్గర నెట్ ఆడకపోతే సర్కిల్ గిర్కిల్ ఏదీ పలకదు.

ప్రశ్న: గుళ్లోకి ఫోన్లు తీసుకుపోనివ్వరు. దర్శనం అయ్యాక పద్దెనిమిది మందిమి మళ్లీ ఎలా కలుసుకోవాలి? (చంద్రగిరి)

ఫోన్లన్నీ ఒకే సంచిలో ఒకే చీటీ మీద ఇవ్వకండి. చీటీ ఉన్న మనిషి వెనకపడితే పద్దెనిమిది మందీ ఆగిపోతారు. కుటుంబానికి ఒక సంచి, ఒక చీటీ, ఆఫ్ చేసిన ఫోన్లు. చీటీని ముందే ఇంకో ఫోన్లో ఫోటో తీస్తే లాభం లేదు, ఆ ఫోనూ లోపలికి రాదు. పెద్దవాళ్ల జేబులో కాగితం ఉండాలి: ఇద్దరి నంబర్లు, కలుసుకునే చోటు, 'ఇన్ని గంటలకు' అనే మాట. చోటు ఎంచేటప్పుడు 'గుడి ముందు' అని మాత్రం రాయకండి. అక్కడ ఎప్పుడూ వేలమంది ఉంటారు. మీ గది ఉన్న కాటేజీ పేరు, నంబరు రాయండి. గది దొరక్కపోతే చెప్పులు, సామాను ఎక్కడ పెట్టారో ఆ కౌంటరు నంబరు. చెప్పుల కోసం అందరూ అక్కడికి రావాల్సిందే.