‘వి’ ఆకారపు పాత గిటారు కొనవచ్చునా?

ప్రశ్న: రెండేళ్లుగా మామూలు ఆకారపు ఎలక్ట్రిక్ గిటారు మీద సాధన చేస్తున్నాను. బాణం తోకలా రెండుగా చీలిన ‘వి’ ఆకారపు బాడీ ఉన్న పాత గిటారు ఒకటి అమ్మకానికి ఉంది. చూడగానే మనసు పడ్డాను. అయితే దాన్ని కూర్చుని వాయించడం కుదరదని ఒకరు, ఆ ఆకారం వల్ల స్వరం పలచబడుతుందని మరొకరు చెబుతున్నారు. హెడ్‌స్టాక్ (తీగలు బిగించే మరలుండే తల భాగం) వెనుక కొద్దిమేర రంగు తేడాగా కనిపిస్తోంది. గీతలు కప్పడానికి వేసిన రంగు మాత్రమేనని అమ్మే ఆయన అంటున్నారు. కొనమంటారా?

జవాబు: మీరు చివర రాసిన విషయాన్నే నేను ముందుగా తీసుకుంటాను, ఎందుకంటే మీ నిర్ణయం ఆకారం మీద కంటే ఆ రంగు తేడా మీదే ఎక్కువగా ఆధారపడి ఉంది. ఈ తరహా గిటార్లు చాలావాటిలో హెడ్‌స్టాక్ వెనక్కి వంగి ఉంటుంది. కొన్నింటిలో ఆ వంపు 17 డిగ్రీల దాకా ఉంటుంది. నెక్‌ను, అంటే ఎడమచేత్తో పట్టుకునే పొడవాటి భాగాన్ని, ఒకే చెక్కతో చేసినప్పుడు ఆ వంపు దగ్గర చెక్క నారలు మధ్యలోనే తెగిపోతాయి. పైగా ట్రస్ రాడ్‌ను (నెక్ లోపల ఉండి దాని వంపును సరిచేసే లోహపు కడ్డీ) తిప్పడానికి అక్కడే గుంత తొలిచి ఉంటే మిగిలే చెక్క మరీ పలచనవుతుంది. గిటారు వెల్లకిలా పడితే చాలాసార్లు విరిగేది అక్కడే. కూర్చుని వాయించేవారి ఒడిలోంచి, గోడకు ఆనించిన చోటు నుంచి ‘వి’ ఆకారపు గిటారు సులువుగా జారిపోతుంది కాబట్టి ఆ ప్రమాదం దీనికి మరింత ఎక్కువ.

ఆ రంగు కింద విరిగి అతికిన చోటు దాగి ఉండవచ్చు. అందువల్ల పగటి వెలుగులో, వీలైతే టార్చిలైటును పక్క నుంచి ఏటవాలుగా వేసి, నట్ (హెడ్‌స్టాక్ మొదట్లో తీగలు ఆనే సన్నని పట్టీ) వెనుక భాగాన్ని నిదానంగా పరిశీలించండి. కళ్లు మూసుకుని బొటనవేలితో నెమ్మదిగా తడిమితే కంటికి అందని మెట్టు కూడా చేతికి తెలుస్తుంది. అతికిన గుర్తు కనిపించినంత మాత్రాన వదిలేయనవసరం లేదు. పగిలిన ముఖాలు సరిగ్గా కలిసి, మంచి చెక్క జిగురుతో అతికి ఉంటే ఆ అతుకు ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఆరు తీగలూ మామూలు శ్రుతిలో ఉన్నప్పుడు నెక్ మీద మొత్తం సుమారు 45 కిలోల లాగుడు పడుతుంది కనుక, శ్రుతి చేసి గంటసేపు ఉంచి, సన్నని చీలిక తెరుచుకుంటోందేమో చూడండి. అయితే అతికిన గిటారును అతికిన గిటారుగానే బేరమాడాలి. విరగనిదాని ధర దీనికి ఇవ్వడం అన్యాయం.

స్వరం గురించిన భయం అక్కరలేదు. గట్టి చెక్క బాడీ ఉన్న ఎలక్ట్రిక్ గిటారులో తీగ కదలికను విద్యుత్తుగా మార్చేవి పికప్‌లు. స్వర స్వభావంలో వాటికి, స్కేలు పొడవుకు (తీగలో మోగే భాగం పొడవు), బ్రిడ్జికి (బాడీ మీద తీగలు ఆనే భాగం) ఉన్నంత పాత్ర బాడీ అంచుల ఆకారానికి లేదు. గిబ్సన్ సంస్థ 1958లో కోరినా చెక్కతో ఫ్లయింగ్ వి గిటారును తెచ్చినప్పుడు కొన్నవారు చాలా తక్కువ. మొదటి రెండేళ్లలో బయటికి వెళ్లినవి సుమారు వంద మాత్రమే. అయినా బ్లూస్ వాద్యకారుడు ఆల్బర్ట్ కింగ్ ఆ గిటారును ఎడమచేతి వాటంగా తలకిందులుగా పట్టుకుని పలికించిన స్వరం విన్నవారెవరూ దాన్ని పలచన అనరు. కాలక్రమంలో ఆదరణ పెరిగి 1967లో ఆ ఆకారం మళ్లీ తయారీలోకి వచ్చింది.

కూర్చునే విషయంలో మీకు చెప్పినవారి మాటలో సగం నిజముంది. మామూలు గిటారులా తొడ మీద పెడితే ఇది జారుతుంది. చీలిక కుడి తొడను పట్టుకునేలా, కింది రెక్క రెండు తొడల మధ్యకు వచ్చేలా కూర్చోబెడితే మాత్రం నెక్ పైకి లేచి, క్లాసికల్ గిటారు పట్టుకునే భంగిమ వస్తుంది. ఎడమ మణికట్టుకు అది హాయిగా ఉంటుందనే నా అభిప్రాయం. బెల్టు వేసుకుని నిలబడి కూడా వాయించి చూడండి. ఎడమ చేయి వదిలితే నెక్ కిందికి వాలిపోతూ ఉంటే, వాయించినంతసేపూ ఆ బరువు మీ ఎడమ చేయే మోయాలి. వెడల్పైన గరుకు బెల్టు కొంత ఆదుకుంటుంది. ఈ రెండు పరీక్షలకూ అమ్మే ఆయన ఒప్పుకోకపోతే కొనవద్దు.

మిగిలినవి ఏ పాత గిటారుకైనా చూడవలసినవే. తీగను మొదటి ఫ్రెట్ (నెక్ మీది అడ్డ లోహపు కమ్మీ) దగ్గర, చివరి ఫ్రెట్ దగ్గర ఒకేసారి నొక్కి, నడుమ ఏడో ఫ్రెట్ దగ్గర సన్నని సందు ఉందో లేదో చూడండి. సందు మరీ ఎక్కువగా ఉంటే ట్రస్ రాడ్ ఇంకా తిరుగుతోందా అని అడగండి. యాంప్లిఫయరుకు కలిపి నాబ్‌లన్నీ తిప్పి చూడండి. గరగర వినిపిస్తే చాలావరకు శుభ్రం చేస్తే చాలు, పోతుంది, పికప్ పలకకపోతే మాత్రం ఖర్చు తప్పదు. రెక్కల కొసల్లో పెచ్చులు లేచి ఉండడం ఈ ఆకారానికి సహజం, దానికి బెంగ వద్దు.

ఒక్క విషయంలో పట్టుబట్టండి. ఈ గిటారు మామూలు కేస్‌లో పట్టదు, మామూలు స్టాండు మీద నిలకడగా నిలవదు. దీని కోసమే చేసిన గట్టి కేస్‌ను గిటారుతో పాటు ఇవ్వమని అడగండి. ఆయన దగ్గర అది లేకపోతే, కేస్‌కయ్యే ఖర్చును ధరలో తగ్గించమనండి.