గుంతల రోడ్డు, స్పోర్ట్స్ కారు: సస్పెన్షన్ కోసం లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు విద్యానగర్. ఉద్యోగం విజయవాడ ఆటోనగర్‌లో. ఇంట్లో అందరికీ ఒక స్విఫ్ట్ ఉంది. అది కాక రెండేళ్ల క్రితం 2012 మోడల్ బీఎండబ్ల్యూ జెడ్4ను సెకండ్ హ్యాండ్‌లో 18 లక్షలకు కొన్నాను. రోజూ దాంట్లోనే వెళ్తున్నాను. హైవే మీద బాగానే ఉంటుంది కానీ, ఊళ్లోకి వస్తే గుంత గుంతకీ నడుం అదురుతోంది. ఇప్పటికే ఒక రిమ్ వంగింది. కాయిలోవర్లు (స్ప్రింగు, షాకర్ కలిసి ఒకే సెట్‌గా వచ్చేవి) వేయిస్తే సరిపోతుందని, బిగింపుతో కలిపి 3 లక్షలవుతుందని వర్క్‌షాప్ వాళ్లు చెప్పారు. జీతం 1.40 లక్షలు. ఇంటి ఈఎంఐ 42 వేలు, ఇంటి ఖర్చు 55 వేలు, పెట్రోలు వగైరా 10 వేలు, ఎనిమిదో తరగతి చదువుతున్న పాప కోసం నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసే సిప్ 15 వేలు. చేతిలో లక్షన్నర ఉంది. మూడేళ్లకు 14 శాతం వడ్డీతో పర్సనల్ లోన్ ఇస్తామంటున్నారు. లోన్ తీసుకోనా, లేక సిప్ కొన్నాళ్లు ఆపనా?

జవాబు: రెండూ వద్దు.

మూడు లక్షలకు 14 శాతం చొప్పున 36 నెలలంటే ఈఎంఐ 10,253 రూపాయలు. తీరేసరికి 3.69 లక్షలు కడతారు, ప్రాసెసింగ్ ఫీజు అదనం. ఖర్చులన్నీ పోను నెలకు మీకు మిగిలేది 18 వేలు. అందులో సగానికి పైగా షాకర్లకే పోతుంది. ఇంటి ఈఎంఐ, ఇంటి ఖర్చు కలిపి చూస్తే చేతిలో ఉన్న లక్షన్నర రెండు నెలలకు కూడా చాలదు. ఇంకో సంగతి మీరు గమనించినట్టు లేరు. 2012 రిజిస్ట్రేషన్ అయితే 2027తో ఆర్‌సీకి 15 ఏళ్లు నిండుతాయి. ఆ తర్వాత బండిని తనిఖీ చేయించి, ఐదేళ్లకు రెన్యువల్ చేయించుకోవాలి. మీ లోన్ మాత్రం అప్పటికీ నడుస్తూనే ఉంటుంది.

సిప్ ఆపితే మూడు లక్షలు కూడడానికి 20 నెలలు పడుతుంది. అప్పటికి పాప పదో తరగతిలో ఉంటుంది. ఇంటర్ ఫీజుల సంగతి మీకు నేను చెప్పాలా!

ఇక అసలు విషయం. మార్కెట్లో దొరికే కాయిలోవర్లలో చాలా వరకు కారును కిందికి దించి, మలుపుల్లో పట్టు పెంచడానికి చేసినవే. కారు కిందికి దిగితే సస్పెన్షన్ ఆడే చోటు తగ్గుతుంది. గుంతలో పడ్డప్పుడు బంప్ స్టాప్‌కు (సస్పెన్షన్ చివర ఆపే రబ్బరు ముక్కకు) తగిలి ఇంకా గట్టిగా కుదుపుతుంది. అంటే మూడు లక్షలు పోసి నడుం నొప్పి పెంచుకునే అవకాశం ఉంది.

మీ కారు కంపెనీ నుంచి రన్‌ఫ్లాట్ టైర్లతో వచ్చింది. గాలి పోయినా కొంత దూరం నడవాలని వాటి పక్క గోడలు బాగా గట్టిగా చేస్తారు. కుదుపులో పెద్ద వాటా ఆ గట్టిదనానిదే కావచ్చు. ముందువైపు చక్రం టైరు మీద సైజు చూడండి. 225/35 ఆర్19 (225 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 35 శాతం ఎత్తు, 19 అంగుళాల రిమ్) అని ఉంటే రిమ్‌కూ రోడ్డుకూ మధ్య ఉన్న రబ్బరు 79 మిల్లీమీటర్లే. అదే 225/40 ఆర్18 అయితే 90 మిల్లీమీటర్లు. 18 అంగుళాలు కంపెనీ ఇచ్చిన సైజే కాబట్టి పేచీ ఉండదు. మీ వేరియంట్ బ్రేకులకు ఆ రిమ్ సరిపోతుందో లేదో మాత్రం కొనేముందే చూసుకోండి.

ఆఫీసు ఆటోనగర్‌లోనే కాబట్టి ఒకరోజు కారును లిఫ్ట్ ఎక్కించండి. షాకర్ రాడ్ చుట్టూ ఆయిల్ కారి, దాని మీద దుమ్ము నల్లగా అట్టకట్టి ఉంటే ఆ షాకర్ పని అయిపోయినట్టే. చక్రాన్ని కింద నుంచి పట్టుకునే లోయర్ ఆర్మ్‌కు ఉండే బుష్‌ల రబ్బరు పగిలిందేమో, లివర్ పెట్టి కదిపితే లొడలొడమంటోందేమో చూడమనండి. ఇన్నేళ్ల కారులో ఇవి అరిగి ఉండటమే సహజం. ఏది పాడైతే అదే, ఒరిజినల్ స్థాయి పార్టుతో మార్పించండి. ఎలక్ట్రానిక్ డ్యాంపర్లు (గట్టిదనాన్ని కారే మార్చుకునే షాకర్లు) ఉన్న కారైతే మామూలు షాకర్లు బిగించాక డ్యాష్‌బోర్డు మీద వార్నింగ్ లైటు వెలుగుతూ ఉంటుంది, ముందే అడగండి.

ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి. అరుగుదలకు క్లెయిమ్ రాదు. ప్రమాదం జరిగినా, పదేళ్లు దాటిన కారుకు మెటల్ పార్టుల మీద 50 శాతం, రబ్బరు మీద 50 శాతం తరుగుదల కోస్తారు. కాయిలోవర్లు వేసి కంపెనీకి చెప్పకపోతే క్లెయిమ్‌లో అదో తలనొప్పి. ఆర్‌సీలోని వివరాలు తయారీ కంపెనీ మొదట ఇచ్చిన వాటికి భిన్నంగా అయ్యేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అమ్మేటప్పుడు కాయిలోవర్లకు ఎవరూ ఎక్కువ ఇవ్వరు. పైగా 'పాత షాకర్లు దాచారా?' అని అడుగుతారు.

మిగిలే 18 వేలలో 10 వేలు అత్యవసర నిధికి, 8 వేలు కారు కోసం రికరింగ్ డిపాజిట్‌కు మళ్లించండి. పది నెలలకు 80 వేలు చేతికొస్తాయి. ముందు రన్‌ఫ్లాట్ల బదులు మామూలు టైర్లు, ఆ తర్వాత అవసరమైతేనే షాకర్లు. ఈలోగా వానాకాలంలో ఆఫీసుకు స్విఫ్ట్ తీసుకెళ్లండి. మన నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు కుంగి, పైన వేసిన రోడ్డును ఏటా అలల్లా చేస్తుంది. మీరు ఏ షాకర్లు వేసినా అది మారదు.

మామూలు టైర్లు వేయించాక పంక్చర్ సీలెంట్, చిన్న ఎయిర్ కంప్రెసర్ డిక్కీలో తప్పకుండా ఉంచుకోండి, ఆ కారులో స్టెప్నీ పెట్టే చోటు లేదు.