పడుగూ పేకా చూసి గార్గిని చదువు

నెల్లూరు,
ఆదివారం.

అమ్మలూ,

ఫోన్‌లో నీ గొంతు వింటేనే టెన్షన్ తెలిసిపోయింది. సెమినార్ పేపర్ కోసం పాతికమంది మహిళా తత్త్వవేత్తల పేర్లు రాసుకున్నానన్నావు. ఆ జాబితా పక్కన పెట్టు. ఎవరి కూతురు, ఎవరి భార్య అని రాస్తే పేజీలు నిండుతాయి గానీ ఆమె ఏం ఆలోచించిందో తెలియదు. ఆమె అడిగిన ప్రశ్న పట్టుకో.

గార్గితో మొదలుపెట్టు. బృహదారణ్యక ఉపనిషత్తు మూడో అధ్యాయంలో, జనకుడి సభలో ఆమె అడిగింది నేతవాళ్ల మాటల్లోనే. ఇదంతా నీళ్లలో పడుగూ పేకల్లా, అంటే మగ్గం మీది నిలువు దారాలూ అడ్డదారాల్లా, అల్లుకుని ఉంటే, ఆ నీళ్లు దేనిలో అల్లుకున్నాయి? అలా ఒక్కో లోకం దాటుతూ బ్రహ్మలోకం దాకా వెళ్లింది. ఇక అడగకు, తల రాలిపోతుంది అన్నాడు జవాబులిస్తున్న యాజ్ఞవల్క్య మహర్షి. చాలామంది అక్కడే పుస్తకం మూసేస్తారు. నేనూ ఏళ్ల తరబడి క్లాసులో అక్కడే ఆపేశాను. తలచుకుంటే ఇప్పటికీ బాధే. నువ్వు ఆరో బ్రాహ్మణం (ఆ అధ్యాయంలో ఒక భాగం) దగ్గర ఆగకు, ఎనిమిదోది తియ్యి. ఆమె మళ్లీ లేస్తుంది. వీరుడు రెండు బాణాలు పట్టుకొచ్చినట్టు రెండు ప్రశ్నలతో వచ్చానంటుంది. ఆకాశం దేనిలో అల్లుకుని ఉందని ఆమె నిలదీస్తేనే ‘అక్షరం’, అంటే నశించనిదాని గురించి ఆయన నోరు విప్పాడు. ఈ మాట గట్టిగా రాయి.

పడమటి నుంచి ఒక్కరు చాలు, బొహీమియా రాకుమారి ఎలిజబెత్. ఆత్మకు పొడవూ వెడల్పూ లేనప్పుడు అది శరీరాన్ని ఎలా కదిలిస్తుందని 1643లో ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్ట్‌కు ఉత్తరం రాసింది. ఆయన జవాబులు 1657లోనే అచ్చయ్యాయి, ఆమె ఉత్తరాలు 1879లో గానీ బయటికి రాలేదు. అయితే అచ్చుకు ఒప్పుకోనిది ఆమే. అదీ దాచకుండా రాయి, జాలి కోసం కథ మార్చకు.

మన తరిగొండ వెంగమాంబను వదలొద్దు. రాజయోగామృతసారం, వాసిష్ఠ రామాయణం రాసిన మనిషిని ‘భక్తురాలు’ అని మాత్రమే పిలవడం నాకు మింగుడుపడదు. ఆ పద్యాల్లో యోగం గురించి ఏమందో చదివి, ఆ మాటలే పేపర్లోకి తీసుకురా.

రాయడం మొదలుపెట్టేముందు వచ్చే ఆదివారం ఇక్కడికి రా. నేతవాళ్ల ఊరు పాటూరులో మగ్గం ముందు కాసేపు కూర్చుందాం. పడుగు ఏదో, పేక ఏదో కళ్లారా చూశాక గార్గి ప్రశ్న మళ్లీ చదువుదువు గాని. పుస్తకం నేను తెస్తాను.

నీ పెద్దమ్మ